జావాస్క్రిప్ట్‌లో ఒకేసారి చాలా ఎలిమెంట్స్ స్టైల్ మార్చాలా? ఈ లూప్‌తో జాగ్రత్త!

మా బాబాయిది ప్రత్తిపాడు దగ్గర మిరప సేద్యం. 341 రకం టిక్కీలు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రోజూ యార్డు రేటు చూసుకుంటూ ఉంటాడు. ఆయన ఫోన్‌లో చూడ్డానికి నేనో చిన్న వెబ్ పేజీ చేసిచ్చా. అందులో ఆరు వరుసలు: తేజ, 341, బాడిగ, 334, నంబర్ 5, తాలు. నిన్నటి రేటైతే వరుస బూడిద రంగులో, ఇవాళ్టిదైతే నల్లగా కనిపించాలి. ఆ బూడిద రంగు 'పాత' అనే క్లాస్ నుంచి వస్తుంది.

ఓ రోజు ఆరు రేట్లూ ఎక్కించి, బటన్ నొక్కేసి కాలేజీకి వెళ్లిపోయా. సాయంత్రం బాబాయి ఫోన్. "ఏరా, ఇవాళ 341 రేటు ఎక్కించలేదా? నిన్నటిదే అనుకుని శాంపిల్ తీయలేదు."

పేజీ తెరిచి చూశా. తేజ, బాడిగ, నంబర్ 5 నల్లగా ఉన్నాయి. 341, 334, తాలు మాత్రం బూడిద రంగులోనే! అంకెలు కొత్తవే, రంగు పాతది. కన్సోల్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు.

తప్పు ఎక్కడుంది?

నేను గెట్ ఎలిమెంట్స్ బై క్లాస్ నేమ్ వాడి, ఫర్ లూప్‌లో ఒక్కో వరుస నుంచి 'పాత' క్లాస్ తీసేశా. చిక్కేంటంటే, అది ఇచ్చేది లైవ్ లిస్ట్. క్లాస్ తీసేసిన వెంటనే ఆ వరుస లిస్ట్‌లోంచి కూడా జారిపోతుంది.

వరుసగా పేర్చిన టిక్కీల్లో మొదటిది లాగేస్తే రెండోది ముందుకు జరుగుతుంది కదా? లూప్ మాత్రం రెండో స్థానానికే వెళ్తుంది. అక్కడ ఇప్పుడున్నది అసలు మూడోది. అలా ఒకటి విడిచి ఒకటి మిగిలిపోయాయి.

సరైన పద్ధతి

క్వెరీ సెలెక్టర్ ఆల్ వాడండి. అది అడిగిన క్షణంలో ఉన్న లిస్ట్‌ని అలాగే ఇస్తుంది, తర్వాత క్లాస్ తీసేసినా లిస్ట్ మారదు. దాని మీద ఫర్ ఈచ్ నడిపి, ప్రతి ఎలిమెంట్‌కీ క్లాస్ లిస్ట్ రిమూవ్ ఇస్తే చాలు. క్రోమ్‌లో ఈ ఫర్ ఈచ్ 2016లో వచ్చిన 51వ వెర్షన్ నుంచి ఉంది, కాబట్టి పాత ఫోన్ల గురించి పెద్దగా దిగులక్కర్లేదు.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. క్లాస్ పేరు ముందు చుక్క మర్చిపోతే ఖాళీ లిస్ట్ వస్తుంది, ఎర్రర్ రాదు. ఇక లిస్ట్ మొత్తానికి నేరుగా స్టైల్ ఇవ్వబోతే ఎర్రర్ వస్తుంది. స్టైల్ అనేది ఒక్కో ఎలిమెంట్‌కే ఉంటుంది.

లూపే అక్కర్లేని చోట

తర్వాత ఎండలో స్క్రీన్ కనబడట్లేదని బాబాయి అంటే, అక్షరాలు పెద్దవి చేసే బటన్ పెట్టా. అన్ని వరుసలూ ఒకేలా మారాలంటే ఒక్కోదాన్నీ ముట్టుకోనక్కర్లేదు. టేబుల్‌కి 'ఎండ' అనే ఒక్క క్లాస్ టాగుల్ చేసి, మిగతాది సీఎస్ఎస్‌కి వదిలేశా.

కొన్ని మారాలంటే క్వెరీ సెలెక్టర్ ఆల్, అన్నీ మారాలంటే పై ఎలిమెంట్‌కి ఒక క్లాస్. ఇప్పుడు బటన్ నొక్కాక ఆరు వరుసలూ కళ్లతో చూశాకే కాలేజీకి బయల్దేరుతున్నా.