ఎండాకాలంలో పెరడు, కరెంటు

వేసవి వచ్చిందంటే ఇంటిపని సగం వాకిట్లోకి, పెరట్లోకి చేరుతుంది. హైదరాబాదు పాతబస్తీలోని సంతోష్‌నగర్‌లో చాలా ఇళ్ళకు పెరడంటే నాలుగు గజాల జాగా. అందులోనే కరివేపాకు చెట్టు, పూలకుండీలు, నీళ్ళ సంపు, బట్టల దండెం, కిటికీకి ఆనించిన ఇనుప కూలరు. నీళ్ళు, ఇనుము, కరెంటు, చెప్పులు లేని కాళ్ళు ఒక్కచోట చేరే కాలమిది. పల్లెలో పెరడు పెద్దదైతే కావచ్చు గాని ప్రమాదం ఒక్కటే.

ఆ వీధులలో ఇళ్ళకు వెళ్ళినప్పుడు మేము ముందు కూలరు ప్లగ్గు వైపు చూస్తాము. కూలరు వైరులో మూడు తీగలుండాలి. ఆకుపచ్చది ఎర్తు తీగ. గోడకు రెండు రంధ్రాల సాకెట్టే ఉన్నదని ఆ తీగను వెనక్కి మడిచి, టేపు చుట్టి, రెండు పిన్నుల ప్లగ్గు బిగించినవారు ఎందరో! కూలరు బాగానే తిరుగుతుంది, గాలి చల్లగానే వస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. లోపలి నీటిపంపు వైరు చిట్లి తడిసిన రోజున కూలరు ఒళ్ళంతా కరెంటు పాకుతుంది. అప్పుడు దానిమీద చేయి వేసేది బకెట్టుతో వచ్చిన తల్లి గాని, ఆడుకొంటూ వచ్చిన బిడ్డ గాని.

సరే, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టారు. దాని పై పిన్ను వెళ్ళి చేరే ఎర్తు గుంత సంగతి చూశారా? బొగ్గు, ఉప్పు వేసి గొట్టం పాతిన ఆ గుంతలో మట్టి తడిగా ఉంటేనే కరెంటు భూమిలోకి సులువుగా దిగుతుంది. మే నెల ఎండకు ఆ మట్టి గట్టిపడి పొడిబారిపోతుంది. అంటే కూలరు, మోటారు ఎక్కువగా నడిచే నెలలలోనే ఎర్తు బలహీనపడుతున్నదన్నమాట. లెక్క చూడండి. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. ఎండిన ఎర్తు 50 ఓముల నిరోధం చూపితే దానిగుండా పోయేది 4.6 ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానికి పడిపోదు. కూలరు మీద కరెంటు అలాగే నిలిచియుంటుంది. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదోవంతు చాలు.

“మాకు ఎం.సి.బి. ఉన్నదండి” అని ధీమాగా చెప్పేవారు ఈ మాట గమనించవలెను. అది వైర్లను కాపాడేది, మనిషిని కాదు. మనిషి కొరకు ఉన్నది ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకొంటే, అంతమాత్రం కరెంటు దారి తప్పినా రెప్పపాటులో సరఫరా ఆపుతుంది. దానిమీది టెస్టు బటను అప్పుడప్పుడు నొక్కి చూడాలి. దాని ఖరీదు ఒక మంచి పట్టుచీర కంటే తక్కువే! ఇక ఎర్తు గుంతలో వేసవి అంతా వారానికి ఒకటి రెండుసార్లు నీళ్ళు పోయండి. మెయిను ఆపిన తరువాతనే సుమా. కూలరులో నీళ్ళు నింపేటప్పుడు కూడా స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు ఊడదీయండి.

నల్లాకు మోటారు బిగించడం మరొకటి. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదు జలమండలి తనిఖీలు జరిపి ఇటువంటి మోటార్లను స్వాధీనం చేసుకొన్నది. ప్రక్కింటివారి నీళ్ళు మనం లాగుకొంటున్నామన్నది ఒక సంగతి. తెల్లవారుజామున తడినేల మీద మోటారు పెట్టి, ఇటుక మీద ఎక్స్‌టెన్షను బోర్డు పెట్టి, తడిచేత్తో ప్లగ్గు గుచ్చడం అంతకంటె భయంకరమైన సంగతి.

దండెానికి ఇనుపతీగ వద్దు, నైలాను త్రాడు కట్టండి. కూలరు స్టాండుకు, కరెంటు స్తంభానికి ఏ త్రాడూ కట్టరాదు. పెరట్లో మామిడి, మునగ చెట్లున్నవారు తీగల దగ్గర ఇనుప దోటీతో కాయలు కోయవద్దు. 11 వేల వోల్టుల తీగ తాకకపోయినా, దగ్గరకు పోతేనే లాగుతుంది. కొమ్మలు తీగలకు తగులుతుంటే 1912కు ఫోను చేయండి, మీరే కొడవలి పట్టుకొని ఎక్కవద్దు. వేసవి సెలవులలో పిల్లల బైబిలు తరగతులకు ఆవరణలో పందిరి వేస్తాము గదా, అక్కడ ఫ్యానుల వైర్లు పిల్లలు తొక్కే దారిలో పరచవద్దు. అతుకుల వైరు అసలే వద్దు.

ఎవరైనా కరెంటుకు పట్టుబడితే మొదట మనిషిని పట్టుకోకండి. మెయిను ఆపండి. అది అందుబాటులో లేకపోతే పొడినేల మీదనో, పొడిచెక్క మీదనో నిలబడి ఎండుకర్రతో వైరును త్రోసివేయండి. ఇది ఇంటి కరెంటుకే. పెద్ద లైను అయితే సరఫరా ఆపేవరకు దూరంగా ఉండవలసిందే. వెంటనే 108కి ఫోను చేయించండి. పిలిచినా పలుకక, ఊపిరి ఆడకపోతే వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు, రెండు అంగుళాల లోతున నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేవరకు ఆపవద్దు. ఒకవేళ మనిషి లేచి కూర్చొని “నాకేమీ కాలేదు” అన్నా, ఆసుపత్రికి తీసుకొనిపోయి ఈ.సి.జి. తీయించండి. గుండె లయ తప్పినది పైకి కనబడదు.