ముందు జబ్బు తెలియాలి.. తర్వాతే స్క్రూడ్రైవర్

అన్న ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్ ఏడెనిమిదేళ్ల తర్వాత తమ్ముడి చేతికో, చెల్లి చేతికో వస్తుంది. ఆన్ చేసి టిఫిన్ తిని వచ్చినా తెర సిద్ధంగా ఉండదు. ఫ్యాన్ రైసుమిల్లులా మోగుతుంది. ఛార్జర్ తీస్తే ఆరిపోతుంది. ‘ఇక పాత సామాన్లవాడికి వేసేయండి’ అంటారు కొందరు. ‘బయోస్ అప్‌డేట్ చేస్తే అదే సర్దుకుంటుంది’ అంటారు ఇంకొందరు. రెండూ తొందరపాటు మాటలే. ఇలాంటి యంత్రాల్లో చాలావాటికి ఇంకా కొన్నేళ్ల ఆయుష్షు ఉంటుంది. కానీ వరస తప్పి చెయ్యి పెడితే బాగున్నదీ పాడవుతుంది. అందులో దాచుకున్న ప్రాజెక్టులు, ఫొటోలు, సర్టిఫికెట్ల కాపీలు కూడా పోతాయి. ఆ వరస ఏమిటో ఈ వారం తెలుసుకుందాం.

మాట సూటిగా ఉండేందుకు ఒక యంత్రాన్నే ఉదాహరణగా పెట్టుకుందాం. 2017లో వచ్చిన డెల్ ఇన్‌స్పిరాన్ 15 7567 అది. ఇంటెల్ ఏడో తరం ఐ5-7300హెచ్‌క్యూ లేదా ఐ7-7700హెచ్‌క్యూ ప్రాసెసర్, ఎన్‌విడియా జీటీఎక్స్ 1050 లేదా 1050 టీఐ గ్రాఫిక్స్, డీడీఆర్4 ర్యామ్‌తో వచ్చింది. మీ ఇంట్లో ఉన్నది వేరే కంపెనీదైనా ఆ కాలం నాటిదైతే పద్ధతి దాదాపు ఇదే.

ఏది మారుతుంది? ఏది మారదు?

డబ్బు ఖర్చు పెట్టేముందు ఇది తేల్చుకోవాలి. ఈ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ మదర్‌బోర్డుకు అతికించే ఉంటాయి. వాటిని మార్చడం ఇంట్లో అయ్యే పని కాదు. కాబట్టి కొత్తగా వచ్చే పెద్ద పెద్ద గేములు దీనిలో హాయిగా ఆడతాయని ఆశపెట్టుకోవద్దు. మార్చగలిగినవి నాలుగు: ర్యామ్, డిస్క్, బ్యాటరీ, వేడిని లాగే థర్మల్ పేస్ట్. చదువుకు, కోడింగ్‌కు, వీడియో పాఠాలకు, పాత గేములకు ఈ నాలుగూ సరిగ్గా ఉంటే చాలు.

ఇంకో నియమం కూడా మొదటే పెట్టుకుందాం: ఒక్కసారికి ఒక్క మార్పే. ర్యామ్, డిస్క్, బయోస్ మూడూ ఒకే ఆదివారం మార్చి, సాయంత్రానికి యంత్రం ఆన్ కాకపోతే తప్పు దేనిలో ఉందో ఎవరూ చెప్పలేరు. ఒకటి మార్చి, రెండు మూడు రోజులు వాడి, తర్వాతే ఇంకోటి.

అన్నిటికన్నా ముందు డేటా

స్క్రూ విప్పకముందే ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. చాలామంది మరిచిపోయేది బిట్‌లాకర్. డిస్క్‌లోని సమాచారానికి విండోస్ వేసే తాళం ఇది. కొన్ని యంత్రాల్లో మనం అడగకుండానే ఇది అమల్లో ఉంటుంది. బయోస్ మార్చగానే విండోస్‌కు అనుమానం వచ్చి, 48 అంకెల రికవరీ కీ చెప్పమంటుంది. అది లేకపోతే మన ఫైళ్లు మనకే అందవు. అన్న పాత మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉండిపోయి, ఆ ఖాతా పాస్‌వర్డు ఎవరికీ గుర్తులేకపోతే దారి మూసుకుపోయినట్టే. అందుకే కీని ముందే కాగితం మీద రాసుకోవాలి. బయోస్ జోలికి వెళ్లేముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపాలి.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటున్నవాళ్లకు ఒక హెచ్చరిక. అమ్మేవాళ్ల ఎదుటే ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లి చూడండి. అక్కడ పాస్‌వర్డు అడిగితే, దాన్ని తీయించాకే డబ్బు ఇవ్వండి.

ఛార్జర్ తెచ్చే తంటా

యంత్రం ఉన్నట్టుండి నత్తలా నడుస్తోందా? విండోస్‌ను తిట్టేముందు ఛార్జర్ చూడండి. డెల్ ఛార్జర్ పిన్ను మధ్యలో సన్నని సూది ఉంటుంది. ‘నేను ఇన్ని వాట్ల ఛార్జర్‌ని’ అని యంత్రానికి చెప్పేది అదే. ఈ మోడల్‌కు 130 వాట్ల ఛార్జర్ కావాలి. ఆ సూది వంగినా, లోపలి తీగ తెగినా, తక్కువరకం ఛార్జర్ పెట్టినా యంత్రం దాన్ని గుర్తుపట్టదు. ఆన్ చేయగానే ఛార్జర్ రకం తెలియడం లేదని తెరమీద రాస్తుంది. అప్పుడు బ్యాటరీ ఛార్జ్ కాదు. ప్రాసెసర్ కూడా తన వేగాన్ని బాగా తగ్గించేసుకుంటుంది. ఇలాంటప్పుడు ఎన్ని జీబీల ర్యామ్ వేసినా ఉపయోగం లేదు. సరైన ఛార్జర్ పెడితే చాలు.

బ్యాటరీ విషయంలో భద్రత ముందు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగు మూత ఉబ్బినా బ్యాటరీ పొంగిందని అర్థం. అలాంటిదాన్ని ఛార్జ్ చేయకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు. అది అంటుకోగలదు. తెలిసినవాళ్లతో తీయించి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి.

బ్యాటరీని బయోస్ కంటే ముందు చూసుకోమనడానికి ఇంకో కారణం ఉంది. అది కింద చెప్పుకుందాం.

దుమ్ము దులిపితే సగం జబ్బు పోతుంది

గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకు వేగం పడిపోతుంటే దాదాపుగా వేడే కారణం. ప్రాసెసర్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వెళ్లగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్‌కూ, రాగి గొట్టాల చివరనున్న రెక్కలకూ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ థర్మల్ పేస్ట్ కూడా ఎండిపోతుంది.

మూత తీశాక మొదట చేయాల్సింది బ్యాటరీ కనెక్టర్‌ను ఊడదీయడం. తర్వాత పవర్ బటన్‌ను పదిహేను, ఇరవై సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఏదైనా లోహపు వస్తువును తాకి, ఒంట్లోని స్టాటిక్‌ను వదిలించుకోవాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. హీట్‌సింక్ స్క్రూల పక్కన అంకెలుంటాయి. వాటి వరసలోనే కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకవైపే గట్టిగా బిగిస్తే చిప్ మీద బరువు సమంగా పడదు.

ర్యామ్: రెండో స్టిక్ చేసే మేలు

ఈ యంత్రంలో ర్యామ్ స్లాట్లు రెండు. 8 జీబీ స్టిక్ ఒక్కటే ఉంటే పక్క స్లాట్ ఖాళీ. అందులో అలాంటిదే ఇంకోటి పెడితే మొత్తం 16 జీబీ అవుతుంది. రెండూ కలిసి పనిచేయడం వల్ల ప్రాసెసర్‌కు డేటా అందే దారి కూడా వెడల్పవుతుంది. కొనేటప్పుడు డీడీఆర్4, ల్యాప్‌టాప్ సైజు అని గట్టిగా చెప్పండి. డీడీఆర్3కీ దీనికీ గాడి వేరే చోట ఉంటుంది, బలవంతం చేస్తే స్లాట్ విరుగుతుంది. ఈ ప్రాసెసర్ 2400 వేగం దాకే వాడుకుంటుంది. 3200 స్టిక్ పెట్టినా 2400కే నడుస్తుంది. ఎక్కువ వేగానికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి తెర కాసేపు నల్లగా ఉంటే కంగారుపడి బటన్ నొక్కకండి. యంత్రం కొత్త ర్యామ్‌ను పరిచయం చేసుకుంటోంది. ఒకటి రెండు నిమిషాలు ఆగండి.

ఎస్ఎస్‌డీ: ఇల్లు ఒకటే, భాషలు రెండు

ఖర్చుకు తగ్గ ఫలితం కంటికి కనబడేది ఇక్కడే. తిరిగే హార్డ్‌డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదివితే, సాటా ఎస్ఎస్‌డీ 500 ఎంబీ దాటుతుంది. ఎన్‌వీఎంఈ రకం 3,000 ఎంబీ పైనే చదవగలదు. అయితే రోజువారీ వాడకంలో పెద్ద తేడా హార్డ్‌డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారినప్పుడే తెలుస్తుంది. రెండు రకాల ఎస్ఎస్‌డీల మధ్య తేడా అంతగా కనిపించదు.

తికమక ఎం.2 స్లాట్ దగ్గర వస్తుంది. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలో సాటా డిస్కులూ వస్తాయి, ఎన్‌వీఎంఈ డిస్కులూ వస్తాయి. ఒకే ఇంట్లో రెండు భాషలవాళ్లు ఉన్నట్టన్నమాట. స్లాట్‌కు ఒక్క భాషే వస్తే, రెండో రకం డిస్క్ అందులో కూర్చున్నా యంత్రానికి కనిపించదు. డిస్క్ పాడైందనుకుని దుకాణంవాడితో గొడవపడేముందు, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఆ స్లాట్ దేన్ని ఒప్పుకుంటుందో చూడండి.

ఇంకో చిక్కు: డిస్క్ కనిపిస్తుంది కానీ విండోస్ మొదలవదు, బూట్ డివైస్ అందడం లేదని నీలి తెర వస్తుంది. బయోస్‌లో ‘సాటా ఆపరేషన్’ అనే చోట రెయిడ్, ఏహెచ్‌సీఐ అనే రెండు పద్ధతులుంటాయి. విండోస్ ఏ పద్ధతిలో ఎక్కించారో అదే పద్ధతి ఉండాలి. తేడా వస్తే ఈ నీలి తెరే. పాత పద్ధతికి తిప్పితే చాలాసార్లు అదే తగ్గుతుంది.

మనం ముట్టుకోకుండానే కూడా ఈ సెట్టింగు మారిపోవచ్చు. మదర్‌బోర్డు మీద నాణెం సైజులో సీమాస్ బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. గడియారమూ ఏళ్ల వెనక్కి వెళ్తుంది. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు సురక్షితం కావని బ్రౌజర్ అడ్డుపడుతుంది. హాల్‌టికెట్ తీసుకునే రోజున ఇలా అయితే నెట్ పాడైందనుకుంటాం. ముందు తేదీ చూడండి.

కొత్త డిస్క్‌లోకి అంతా మార్చాక పాతదాన్ని వెంటనే చెరిపేయకండి. కనీసం రెండు వారాలు అలాగే దాచండి.

ఫర్మ్‌వేర్: ఎప్పుడు? ఎందుకు?

ఫర్మ్‌వేర్ మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌లో ఉండే ప్రోగ్రాం. బయోస్ అని మనం పిలిచేది దాన్నే. విండోస్ కన్నా ముందు లేచి, ర్యామ్, డిస్క్, ఫ్యాన్లు అన్నీ ఉన్నాయో లేవో చూసేది అదే. డిస్క్ మార్చినా అది మారదు.

అప్‌డేట్ పేజీలో ఏం సరిచేశారో రాసి ఉంటుంది. భద్రతా లోపం సరిదిద్దారా, మనకున్న ఇబ్బంది అందులో ఉందా అని చదవాలి. కొన్నిసార్లు అప్‌డేట్ ఉన్న సౌకర్యాన్ని తీసేయవచ్చు కూడా. 2019 డిసెంబరులో ‘ప్లండర్‌వోల్ట్’ అనే లోపం బయటపడింది. దాని తర్వాత వచ్చిన అప్‌డేట్లతో చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించి వేడి అదుపు చేసుకునే వీలు పోయింది. భద్రత కోసం అది అవసరమే. కానీ ఆ పద్ధతి మీదే ఆధారపడ్డవాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. ఆ చిప్‌లో రాత సగంలో ఉండగా కరెంటు పోతే యంత్రం ఇక లేవకపోవచ్చు. బ్యాటరీ బాగుంటే కరెంటు కోత మనకు తెలియను కూడా తెలియదు. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌కు మాత్రం ఆ ఒక్క క్షణం చాలు. అందుకే ఛార్జర్ పెట్టకపోయినా, బ్యాటరీ కనీసం 10 శాతం లేకపోయినా డెల్ అప్‌డేట్ మొదలుపెట్టనివ్వదు. ఆ అడ్డు దాటించే చిట్కాలు చెప్పేవాళ్లుంటారు. వినకండి.

ఫైలును తయారీదారు వెబ్‌సైట్ నుంచి, అడుగున ఉండే సర్వీస్ ట్యాగ్ కొట్టి మాత్రమే తీసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 నొక్కి, అక్కడి బయోస్ ఫ్లాష్ అప్‌డేట్ ద్వారా నడిపితే విండోస్ గొడవ మధ్యలో రాదు. ఫ్యాన్లు గట్టిగా తిరుగుతాయి, తెర నల్లబడుతుంది, యంత్రం తనంతట తాను ఆగి లేస్తుంది. అదంతా మామూలే. అప్పుడు దాన్ని ముట్టుకోకపోవడమే మన పని.

దీపం చెప్పే మాట

ఆన్ చేస్తే తెర రాదు, దీపం మాత్రం మిణుకుమంటోంది. అది ఊరికే మిణకదు. ముందు ఆరెంజ్ రంగులో కొన్నిసార్లు, తర్వాత తెలుపులో కొన్నిసార్లు వెలుగుతుంది. లెక్కపెట్టండి. 2, 3 అయితే ర్యామ్ కనబడలేదని, 2, 4 అయితే ర్యామ్‌లో లోపమని అర్థం. స్టిక్ తీసి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి, ఒక్కొక్కటే పెట్టి చూడాలి. 2, 2 అయితే బయోస్ చెడింది. 2, 7 అయితే తెరది, 3, 1 అయితే సీమాస్ బ్యాటరీది సమస్య. బయోస్ చెడినా వెంటనే ఆశ వదులుకోనక్కర్లేదు. యంత్రం ఆపి, కంట్రోల్, ఎస్కేప్ మీటలు నొక్కి పట్టి ఛార్జర్ పెడితే చాలా డెల్ మోడళ్లలో బయోస్ రికవరీ తెర వస్తుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లినా ఈ లెక్క చెప్పండి. ‘మదర్‌బోర్డు పోయింది’ అని ఊరికే అనేయడం అతనికి కష్టమవుతుంది.

ఇంకెన్నాళ్లు వాడొచ్చు?

ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్లలో దాదాపు అన్నీ విండోస్ 11 జాబితా బయటే ఉన్నాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇళ్లకు భద్రతా సవరణలు మరో ఏడాది ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. జీటీఎక్స్ 10 సిరీస్‌కు కొత్త గేమ్ డ్రైవర్లను ఎన్‌విడియా కూడా 2025 అక్టోబరుతో ఆపేసింది. భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తానంది.

ఇంకో దారి లైనక్స్. ఉబుంటు, మింట్ లాంటివి ఉచితం. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, వైఫై, సౌండు, తెర అన్నీ పనిచేస్తున్నాయో చూశాకే ఎక్కించుకోవచ్చు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనూ ఉంది. బడి వ్యాసాలు టైపు చేసుకోవడానికి ఇబ్బంది లేదు.

విడిభాగాలకు బెంగళూరులో ఎస్పీ రోడ్, చెన్నైలో రిచీ స్ట్రీట్, ముంబయిలో లామింగ్టన్ రోడ్ పేరున్న చోట్లు. బిల్లు, వారంటీ రాయించుకోండి. బ్యాటరీ మీద వోల్టేజీ, వాట్ అవర్ అంకెలను పాతదానితో సరిపోల్చుకోండి. ఈ మోడల్‌కు వచ్చింది 74 వాట్ అవర్ల బ్యాటరీ.

చివరిగా, బడిలో ల్యాబు చూసుకునే మాస్టారికైనా, ఇంట్లో అన్న ల్యాప్‌టాప్ అందుకున్న పదో తరగతి పిల్లకైనా మేం చెప్పేది ఒకటే. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ తేదీన ఏం మార్చారు, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది రాయండి. రేపు యంత్రం మొరాయించినప్పుడు చివరి మార్పు ఏదో ఆ పేజీ చెబుతుంది. వెతకడం అక్కడి నుంచి మొదలుపెడితే సరిపోతుంది.