స్టెరాయిడ్ మందు మన రక్షణ కణాలను ఏం చేస్తుంది?

మోకాళ్ల నొప్పులకో, ఆయాసానికో చీటీ లేకుండా మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో ఒక్కోసారి స్టెరాయిడ్ ఉంటుంది. త్వరగా గుణం కనిపిస్తుంది కాబట్టి మళ్లీ మళ్లీ అదే కొంటాం. ఆ గుణం ఎలా వస్తుందో తెలుసుకోవడం మనందరికీ అవసరం.

మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసోల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. స్టెరాయిడ్ మందులు దాని కోవలోవే. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం, కీళ్లవాతంతో కదల్లేని ఒక మహిళకు కార్టిసోన్ ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచారు. 1950లో హెంచ్‌కు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

తెల్ల రక్తకణాలు శరీరానికి కాపలాదారులని మేము తరగతిలో చెబుతుంటాం. స్టెరాయిడ్ ఆ కణం లోపలికి వెళ్లి, ఒక గ్రాహకంతో కలిసి కేంద్రకంలోకి చేరుతుంది. వాపు పుట్టించే రసాయనాల తయారీని అక్కడే తగ్గిస్తుంది. రక్తంలో లింఫోసైట్లు తగ్గుతాయి. న్యూట్రోఫిల్ కణాలు రక్తనాళం దాటి క్రిములున్న చోటికి సరిగా వెళ్లలేక రక్తంలోనే తిరుగుతాయి. అందుకే పరీక్షలో తెల్లకణాల లెక్క పెరిగినా కాపలా మాత్రం బలహీనపడుతుంది.

కాపలాదారులే అదుపు తప్పి ఇంటిని ధ్వంసం చేస్తున్నప్పుడు ఈ మందు ప్రాణం నిలుపుతుంది. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధనలో, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ ఇస్తే మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనిపించలేదు. 2021లో మన దేశంలో బ్లాక్ ఫంగస్ సోకినవారిలో ఎక్కువమంది షుగర్ ఉన్నవారు, స్టెరాయిడ్లు వాడినవారు. ఈ మందు షుగర్‌ను కూడా పెంచుతుంది.

ఇది చదివి భయంతో ఎవరూ మందు మానేయకూడదు. చాలాకాలం వాడినవారిలో అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుని ఉంటాయి. ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు. డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించుకోవాలి.

పేదవారి మందులకు డబ్బు ఇచ్చే మనం ఇంకో చిన్న పని కూడా చేయవచ్చు. చీటీ ఎవరు రాశారు, ఎన్ని రోజులకు రాశారు అని అడుగుదాం. పాత చీటీ అయితే ముందు డాక్టరు ఫీజుకు సాయం చేద్దాం.