కాటన్ అను ఇంటిపేరు

ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పేరు గోదావరి జిల్లాలలో ఎరుగనివారుండరు. రైతులు నేటికిని ఆయనను 'కాటన్ దొర' యని గౌరవముతో స్మరింతురు. ఆంగ్లము నేర్చుకొనుచున్న బాలునకు 'కాటన్' అనగా ప్రత్తి యని తోచుట సహజము. ఆ వంశమువారు పూర్వము ప్రత్తి వర్తకులో, నేతగాండ్రో అయియుందురని అతడూహింపవచ్చును. కాని ఆ యూహ సరికాదు. ఈ ఇంటిపేరు పుట్టినది ప్రత్తిచేనిలో గాదు, పూరిగుడిసెలలో.

ఇంగ్లండులో పూర్వకాలమున సామాన్యజనులకు ఇంటిపేర్లు లేవు. 1066లో నార్మనులు ఆ దేశమును జయించిన పిమ్మట అవి క్రమముగా వాడుకలోనికి వచ్చెను. ఒకే పేరుగలవారు పెక్కురున్నచో వారిని వేరుపరచుటకు గుర్తు కావలెను గదా! కమ్మరి పని చేయువానిని 'స్మిత్' అనిరి. జాన్ కుమారుని 'జాన్‌సన్' అనిరి. జుట్టో మేనిచాయయో గోధుమవన్నెగా నున్నవానిని 'బ్రౌన్' అనిరి. వేమన పద్యములను సేకరించి ప్రకటించిన సి. పి. బ్రౌన్ దొర ఇంటిపేరు ఇట్టిదే. వేరొక ఊరినుండి వచ్చి స్థిరపడినవానిని ఆ ఊరిపేరుతో పిలిచిరి. 'కాటన్' ఈ కడపటి తెగకు చెందినది.

ప్రాచీనాంగ్లమున 'కాట్' అనగా గుడిసె. ఆ భాషలో, సంస్కృతమునందువలెనే, నామములకు విభక్తి ప్రత్యయములు చేరెడివి. 'కాటుమ్' అను బహువచనరూపమునకు 'గుడిసెల యొద్ద' అని యర్థము. పొలముల నడుమ నాలుగు గుడిసెలు వెలసిన చోటును జనులు అట్లు చెప్పుకొనుచుండగా ఆ మాటయే ఊరిపేరై నిలిచెను. కాలక్రమమున అది 'కోటన్' అనియు, 'కాటన్' అనియు మారెను. కేంబ్రిడ్జి చెంతనున్న కోటన్, స్టాఫర్డ్ సీమలోని కాటన్ ఇట్టి గ్రామములే.

తెలుగువారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. కందుకూరు అను ఊరిపేరు ఇంటిపేరగునపుడు 'కందుకూరి' యగుచున్నది. వేటూరు 'వేటూరి' యగుచున్నది. 'ఊరు' అనునది 'ఊరి'గా మారుట ఔపవిభక్తిక కార్యమని వ్యాకరణము చెప్పుచున్నది. ఆ చిన్న ఇకారములో 'ఆ ఊరికి చెందిన' అను భావమిమిడియున్నది. 'కాటన్' చివరనున్న నకారము కూడ అట్లే పూర్వపు విభక్తిచిహ్నము మిగిల్చిపోయిన జాడ.

ఇక ప్రత్తికి పేరైన 'కాటన్' వేరు మాట. అరబ్బీభాషలోని 'కుత్న్' అను పదము ఫ్రెంచిభాష మీదుగా ఇంగ్లండు చేరినది. అది వచ్చునప్పటికే గుడిసెల ఊళ్లకు పేర్లు ఏర్పడి తరములు గడచెను. రెండు మాటలును వేర్వేరు దారుల వచ్చి ఒకే రూపము దాల్చినవి. ఊళ్లపేర్లలోను ఇట్టి చిక్కు కలదు. సఫక్ సీమలోని కాటన్ అను గ్రామము పేరు గుడిసెలనుండి రాలేదు. అది 'కోడ్డా అనువాని వాడ' యని పండితుల నిర్ణయము. కావున రూపసామ్యమును మాత్రమే చూచి అర్థము చెప్పుట ప్రమాదకరము. ప్రాచీనపత్రములలో ఆ పేరు ఎట్లు వ్రాయబడెనో పరిశీలింపవలెను. 1086లో విలియమ్ రాజు చేయించిన భూముల లెక్కల గ్రంథము ఈ పరిశోధనకు మిక్కిలి తోడ్పడుచున్నది.

ఈ ఇంటిపేరుగలవారిలో సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) సుప్రసిద్ధుడు. ఆయన తాళపత్రములవలె చెదరిపోవుచున్న ప్రాచీన లిఖితగ్రంథములను ఓపికతో సేకరించెను. ప్రాచీనాంగ్ల మహాకావ్యమగు 'బేవుల్ఫ్' యొక్క ఏకైక ప్రతి ఆయన గ్రంథాలయముననే నిలిచినది. 1731లో అగ్నిప్రమాదము కలిగినపుడు దాని అంచులు కమిలినను గ్రంథము దక్కెను. తన ఇంటిపేరు ఏ భాషలో పుట్టెనో ఆ భాషయొక్క గొప్ప కావ్యమును కాటన్ కాపాడెనన్నమాట!

ఆర్థర్ కాటన్ (1803–1899) చెషైర్ సీమయందలి కాంబర్‌మియర్ కాటన్ వంశమువాడు. 1833 నాటి ఘోరక్షామమున గుంటూరు ప్రాంతమున వేలకొలది జనులు ఆకలికి బలియైరి. గోదావరి సీమయు కరవుల పాలగుచుండెను. నిండుగా పారు నది ప్రక్కనే జనులు పస్తులుండుట ఆయనను కదలించెను. 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. కాలువలు పారెను, బీళ్లు పంటపొలములయ్యెను, గుడిసెలలోని గాదెలకు ధాన్యము చేరెను.

పేరునకు అర్థమును పూర్వులు ఇత్తురు. దానికి గౌరవమును మాత్రము మనుజుడు తన పనిచేతనే సంపాదింపవలెను. 'గుడిసెల యొద్ద' అను సామాన్యమైన మాట గోదావరీతీరమున పూజ్యనామమగుటకు కారణమిదియే.