వోల్టుమీటరు వలన కలుగు వోల్టేజి లోపము

రేడియోలు బాగుచేయుట నేర్చుకొనువారు తొలినాళ్ళలో ఒక చిక్కున పడుదురు. పటములో 5 వోల్టులని వ్రాసియున్న చోట వోల్టుమీటరు ముల్లు ఒకటిన్నరకైనను చేరదు. నిరోధకము చెడినదని తలంచి క్రొత్తది వేయుదురు. ముల్లు మరల అచ్చటనే నిలుచును. నిజమునకు చెడిన వస్తువేదియు లేదు. మీటరు తగిలించుటవలననే అచ్చటి వోల్టేజి తగ్గుచున్నది.

ముల్లు కదలుటకు కొంత విద్యుత్ప్రవాహము కావలెను. దానిని మీటరు తాను కొలుచు చోటునుండియే తీసికొనును. ఏటి యిసుకలోని చెలమలో ఎంత నీరున్నదో తోడి చూచుట వంటిదిది. ఊట బలముగా నున్నచో తోడినది వెంటనే నిండును. సన్నగా నున్నచో మట్టము దిగును. అంతర్నిరోధము హెచ్చుగా గల వోల్టేజి మూలము సన్నని ఊట వంటిది. టార్చిలైటు బ్యాటరీకి ఆ నిరోధము మిక్కిలి స్వల్పము గావున దానిని ఏ మీటరుతో కొలిచినను చిక్కులేదు.

10 వోల్టుల బ్యాటరీకి, ఒక్కొక్కటి 10 లక్షల ఓములు గల రెండు నిరోధకములను వరుసగా కలిపితిమనుకొందము. నడిమి బిందువున 5 వోల్టులుండవలెను. కాని ఆ బిందువునుండి చూచినచో మూలము యొక్క నిరోధము 5 లక్షల ఓములు. వోల్టునకు 20,000 ఓములు గల మీటరును 10 వోల్టుల రేంజిలో పెట్టినచో దాని నిరోధము 2 లక్షల ఓములు. ఆ 5 వోల్టులును ఈ రెండు నిరోధములు పంచుకొనగా, మీటరు వంతునకు ఏడింట రెండు పాళ్ళు, అనగా 1.43 వోల్టులు మాత్రమే వచ్చును. అదే మీటరును 50 వోల్టుల రేంజికి త్రిప్పినచో దాని నిరోధము 10 లక్షలగును, అప్పుడు 3.33 చూపును. ఒకే చోట రెండు రేంజిలలో ఇంత భేదము కనబడినచో, తప్పు మీటరు భారమునందే యున్నదని గ్రహింపవచ్చును. ఇంతకన్న సులభమైన పరీక్ష లేదు. ఐనను చేయువారు అరుదు. 1 కోటి ఓముల నిరోధము గల నేటి డిజిటల్ మీటరు అచ్చటనే 4.76 చూపును.

ప్రవాహము తీసికొనకయే కొలుచు ఉపాయము పాతదే. 1841లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పొగ్గెండార్ఫ్, కొలువవలసిన వోల్టేజికి తెలిసిన వోల్టేజిని ఎదురు నిలిపి, గాల్వనామీటరు ముల్లు కదలని స్థితిని కనుగొను పద్ధతిని చూపెను. ఆ స్థితిలో ప్రవాహము సున్న. ఐతే మూలము యొక్క నిరోధము అత్యధికమైనచో, సమస్థితి కొంచెము తప్పినను ముల్లును కదల్చునంతటి ప్రవాహము రాదు.

ద్రవముల ఆమ్లత్వమును కొలుచు గాజు ఎలక్ట్రోడు అట్టిది. దాని నిరోధము పది కోట్ల ఓముల వరకు నుండును. పైన చెప్పిన డిజిటల్ మీటరును సూటిగా తగిలించినను, అసలు వోల్టేజిలో పదునొకండవ వంతే కనబడును. 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్మన్, నిమ్మరసపు పులుపు కొలువగోరిన మిత్రునికొఱకు, దాదాపుగా ప్రవాహమే తీసికొనని వాల్వుల వర్ధకముతో ఒక పరికరము నిర్మించెను. ఇట్టి పరికరములలో ఎలక్ట్రోడు తీగె తగిలించు చోట చెమ్మ చేరినను, వ్రేలిముద్ర పడినను, అదియే మరియొక మీటరువలె ప్రవాహమును లాగికొనును. అందుచే ఆ చోటును తాకక, పొడిగా నుంచుదురు.