కల్లు పులియుట, కన్ను పోవుట



మన గోదావరి సీమలో తాటికల్లు నెఱుఁగని గ్రామము లేదు. సున్నము పూయని కుండలో దిగిన కల్లు మొదట తియ్యనై, పిదప మత్తెక్కించి, కొన్ని దినములకు ఘాటైన పులుపగును. ఈ కడపటి మార్పును ఆక్సీకరణ మందురు. దాని తెలివి ఒక్కొకప్పుడు ప్రాణములను నిలుపును గనుక మీకు విన్నవించుచున్నాను.

ఈస్టు అను సూక్ష్మజీవులు కల్లులోని చక్కెరను మద్యసారముగా మార్చును. 1947లో తణుకున స్థాపితమైన ఆంధ్ర షుగర్సువారు చెఱకుమడ్డి నుండి తీసినదియు ఈ సారమే. పిమ్మట వేఱొకజాతి సూక్ష్మజీవులు గాలిలోని ప్రాణవాయువు సాయమున దానిని ఎసిటికామ్లముగా మార్చును. ఈ సంగతిని 1864లో ఫ్రాన్సుదేశపు పండితుఁడు పాశ్చరు విశదపఱచెను. గాలి చొరని సీసాలో ఈ పులుపు పుట్టదు.

మద్యసారమును, దాని జాతి ద్రవములను ఆల్కహాలు లందురు. బడిలో పిల్లలకు నేను లెక్కగా చెప్పిన సూత్రము వినుఁడు. ఆల్కహాలులో ప్రాణవాయువు నంటియున్న కర్బన పరమాణువునకు ఎన్ని ఉదజని పరమాణువులు తగిలియున్నవో చూడవలెను. రెండుగాని మూఁడుగాని యున్నచో మొదట ఆల్డిహైడు, తరువాత ఆమ్లము పుట్టును. ఒకటే యున్నచో కీటోనుతో ఆగును. ఐసోప్రొపైలు ఆల్కహాలు ఎసిటోనగుట ఇట్టిది. ఒక్కటియు లేనిచో సామాన్యముగా మార్పే యుండదు.

ఇదే కార్యము మన కాలేయమునందును జరుగును. మద్యసారము అచ్చట ఎసిటికామ్లమై, తుదకు బొగ్గుపులుసు వాయువుగను నీరుగను మాఱును. అంతమాత్రమున మద్యము మంచిదని కాదు. వార్నిషు మొదలగువానిలో వాడు మిథైలు ఆల్కహాలు మాత్రము ఫార్మాల్డిహైడై, పిదప చీమలలో నుండు ఫార్మికామ్లమగును. దేహము దీనిని త్వరగా పోఁగొట్టుకొనలేదు. అది కంటి నరమును చెఱచును, ప్రాణమును తీయును. కల్తీసారాలో ఈ ద్రవము కలసియున్నను రుచిచేతను వాసనచేతను గుర్తింప నలవికాదు.

పెద్దలు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. ఈ మార్పునకు కాలము పట్టును. త్రాగినవాఁడు ఒక పూట, ఒక్కొకప్పుడు ఒక దినము, బాగున్నట్లే తోఁచును. పిదప వాంతులు, కడుపునొప్పి, ఆయాసము కలుగును, చూపు మంచుపట్టినట్లగును. అప్పుడు "మత్తు దిగలేదు, పరుండనిండు" అని యూరకుండరాదు. వానిని మాత్రమే కాక, వానితోఁ గలసి త్రాగి బాగుగా నున్నవారిని సైతము తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. కాలేయమునందలి మార్పు నడ్డగించు మందులును, రక్తమును శుద్ధిచేయు యంత్రములును వైద్యశాస్త్రమున కలవు. విషము పూర్తిగా పుట్టకముందే రోగి వచ్చినచో వాని వలన ఫలము మెండు.