రెండు వారాల చుట్టాలు

కాఠ్మాండూలో విమానం దిగగానే చేయాల్సిన మొదటి పని... గడియారాన్ని పావుగంట ముందుకు తిప్పుకోవడం. నేపాల్ సమయం మనకంటే పదిహేను నిమిషాలు ముందు. రెండోది, క్యాలెండర్ చూసి కంగారుపడకపోవడం. అక్కడ నడిచేది విక్రమ సంవత్సరం. మన లెక్కకన్నా దాదాపు 57 ఏళ్లు ముందుంటుంది. ఏ పల్లెటూరి బడి గోడమీదో 2072 అని కనిపిస్తే అది 2015 నాటిదన్నమాట.

ఆ కొండల్లో ఆ ఏడాదిని ఎవరూ మరచిపోలేరు. 2015 ఏప్రిల్ 25న గోర్ఖా జిల్లా బార్‌పాక్ దగ్గర భూమి కంపించింది. తీవ్రత 7.8. దాదాపు తొమ్మిది వేలమంది చనిపోయారు. ఐదు లక్షలకు పైగా ఇళ్లు నేలమట్టమయ్యాయి. బడులైతే వేలల్లో దెబ్బతిన్నాయి. మధ్యాహ్నం పన్నెండింటికి నాలుగు నిమిషాలు తక్కువ, పిల్లలంతా తరగతుల్లో ఉండాల్సిన వేళ. కానీ ఆరోజు శనివారం, అక్కడ బడికి సెలవు. అదే ఏ శుక్రవారమో అయ్యుంటే... తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది.

ఆ పల్లెలకు సాయం చేస్తామంటూ దేశదేశాల విద్యార్థులు వెళ్లారు. భూకంపానికి ముందూ వెళ్లేవారు, ఇప్పుడూ వెళ్తున్నారు. వేసవి సెలవుల్లో రెండువారాలు విదేశంలో వాలంటీరుగా పనిచేసొస్తామని అడిగే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. నేపాల్ అయితే మనకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు కానీ ఓటరు కార్డు కానీ చాలు. (ఆధార్ పట్టుకుని విమానాశ్రయానికి వెళ్లేరు! 15 నుంచి 65 ఏళ్ల మధ్యవారికి అది చెల్లదు.) అమెరికా పాస్‌పోర్టు ఉన్న మన బంధువుల పిల్లలకు మాత్రం తేడా ఉంది. పర్యాటక వీసామీద వెళ్లి వాలంటీరు పని చేయడాన్ని అక్కడి నిబంధనలు ఒప్పుకోవు.

కాఠ్మాండూ నుంచి త్రిశూలి నది పక్కగా పృథ్వీ రాజమార్గం మీద బస్సు. ఆపైన జీపు. ఒళ్లు హూనమయ్యే మలుపులు, తలనిండా దుమ్ము. చివరికి ఊరొస్తుంది. బంతిపూల దండ, నుదుట టీకా... ఆ వెంటనే ఒక ప్రశ్న, 'ఖానా ఖాను భయో?' భోంచేశారా అని! మన పల్లెల్లో గడప దగ్గర వినపడే పలకరింపే కదూ.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అక్కడా పేరు పెట్టి పిలవడం తక్కువ. దాయ్ అంటే అన్నయ్య, దిదీ అంటే అక్క, ఆమా అంటే అమ్మ. ఎంగిలిని 'జూఠో' అంటారు, పట్టింపూ మనలాగే. చెప్పులతో పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు. పొద్దున పదింటికల్లా పప్పూ అన్నం పెట్టేస్తారు, మళ్లీ రాత్రికే. బడిలో హిందీ చదివిన మన పిల్లలకు నేపాలీ అక్షరాలు కొత్తకాదు, ఎందుకంటే లిపి అదే దేవనాగరి.

ఊళ్లో కుర్రాళ్లు తక్కువ కనిపిస్తారు. ఖతార్‌లోనో సౌదీలోనో మలేషియాలోనో ఉంటారు. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లినవారికి అది కొత్త దృశ్యమేం కాదు. ఇంటి బరువంతా ఆడవాళ్లదే. వచ్చిన అతిథికి మంచినీళ్లు కాచి ఇవ్వాలి, పడక చూపించాలి, నీళ్లు పడక కడుపు పాడైతే పథ్యం వండాలి. అందుకే మొదటి మూడు రోజులూ సేవ జరిగే మాట నిజమే... చేసేది ఊరివాళ్లు, చేయించుకునేది వాలంటీర్లు!

మరి ఆ తర్వాత? అసలు చిక్కు అక్కడే. పిప్పా బిడిల్ అనే అమెరికన్ రచయిత్రి తన అనుభవాన్ని 2014లో రాశారు. హైస్కూలులో ఉండగా తోటి అమ్మాయిలతో టాంజానియా వెళ్లారట. పగలంతా గ్రంథాలయానికి ఇటుకలు పేర్చేవారు. అవి వంకరపోతే, స్థానిక మేస్త్రీలు రాత్రిపూట ఊడదీసి మళ్లీ కట్టేవారట, ఈ పిల్లలకు తెలియకుండా. నేపాల్ కొండల్లో అయితే అలాంటి గోడ ప్రాణాలమీదికి తెస్తుంది. భూకంపం తర్వాత అక్కడి ప్రభుత్వం ఇల్లు కోల్పోయినవారికి మూడు లక్షల నేపాలీ రూపాయలు విడతలుగా ఇచ్చింది. మన డబ్బుల్లో లక్షా ఎనభై ఏడు వేలు. గోడల్లో అడ్డపట్టీలు వేశారో లేదో ఇంజినీరు వచ్చి చూశాకే తర్వాతి విడత. ఆ పనికి శిక్షణ పొందిన మేస్త్రీ కావాలి. సెలవులకొచ్చిన విద్యార్థి రాళ్లు మోస్తే మంచిదే, గోడ జోలికి వెళ్లకపోతే ఇంకా మంచిది.

ఇంతకంటే బాధ కలిగించే సంగతి ఒకటుంది. 'అనాథాశ్రమంలో పసిపిల్లలతో రెండు వారాలు' అనే ప్రకటన చూసి మనసు కరగనివారెవరు? నేపాల్ ఆశ్రమాల్లోని పిల్లల్లో కనీసం 85 శాతం మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ చెప్పింది. 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధంలో, చదువు చెప్పిస్తామంటూ దళారులు హుమ్లా లాంటి మారుమూల జిల్లాల నుంచి పిల్లల్ని తెచ్చేశారు. ఆశ్రమాల్లో ఎక్కువ భాగం కాఠ్మాండూ, పోఖరా, చిత్వన్ లాంటి పర్యాటకుల చోట్లే ఉండటం ఉత్తినే జరగలేదు. చూడ్డానికి వచ్చేవాళ్లూ, ఇచ్చేవాళ్లూ ఉంటే చూపించడానికి పిల్లలు కావాలి మరి! ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఈ వ్యవహారమూ చర్చకొచ్చింది. మీ అబ్బాయో అమ్మాయో ఇలాంటి చోటుకి వెళ్తానంటే వద్దని చెప్పడమే సరైనది.

విద్యార్థులు పల్లెలకు పనికిరారని కాదు. నేపాల్‌లోనే 1970ల్లో ఓ పద్ధతి ఉండేది. త్రిభువన్ విశ్వవిద్యాలయంలో పీజీ పట్టా కావాలంటే సుమారు ఏడాది ఏదో ఒక పల్లెలో పనిచేయాల్సిందే. పాఠాలు చెప్పడం, మంచినీళ్ల పనులు చూడటం... అన్నీ. 1962లో అక్కడ అడుగుపెట్టిన అమెరికా పీస్ కోర్ వాలంటీర్లకైతే దాదాపు మూడు నెలలు భాష నేర్పి, ఆపైన రెండేళ్లు ఊళ్లోనే ఉంచేవారు. రెండు వారాల్లో ఆ పని సాగదు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మళ్లీ ఏబీసీడీల దగ్గరే మొదలుపెడితే పిల్లలకు విసుగురాదూ?

కాబట్టి డబ్బు కట్టేముందు నిర్వాహకుల్ని గట్టిగా అడగండి. మిమ్మల్ని రమ్మన్నది ఊళ్లో ఎవరు? కట్టిన డబ్బులో అన్నంపెట్టే ఇంటికి చేరేదెంత? కిందటి జట్టు ఎక్కడ ఆపింది? బడికి వెళ్తే పాఠం చెప్పేది మీరా, లేక అక్కడి మాస్టారికి సాయంగా ఉంటారా? నీళ్లు నమిలితే ఆ డబ్బు పెట్టి హాయిగా పర్యాటకులుగా వెళ్లిరావచ్చు. ఊళ్లో ఏదో ఇంట్లో అద్దెకు దిగినా ఆ ఇల్లాలికి నాలుగు రూపాయలు దక్కుతాయి.

జూన్ నెలాఖరుకి అక్కడుంటే ఆసార్ 15 చూడొచ్చు. వరినాట్ల పండగ. బురదమళ్లలో పాటలు పాడుతూ నాట్లేస్తారు, తర్వాత పెరుగూ అటుకులూ తింటారు. నాటు వేయడం వచ్చిన మన పల్లె పిల్లలు ఆరోజు నిజంగానే పనికొస్తారు. కాకపోతే అప్పటికి వానలు మొదలై కొండచరియలు విరిగిపడుతుంటాయి, తిరుగు ప్రయాణానికి రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి. దారిపొడవునా జలగలు కూడా. జేబులో కాస్త ఉప్పు పొట్లం మరచిపోవద్దు.